అత్తమ్మ మూయొద్దన్న పగులు

మా అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఫిలింనగర్‌లో ఒక సెట్లో నిచ్చెన మీద నిలబడి ప్లైవుడ్ గోడకు పగులు గీస్తున్నాను. కింద బ్యాగులో ఫోను మోగుతూనే ఉంది. గీత మధ్యలో బ్రష్షు ఎత్తితే అతుకు తెలిసిపోతుంది. అందుకని పగులు చివరిదాకా లాగాకే దిగాను. ఫోన్లో మా ఆయన. “అమ్మ, కార్లో...” అని ఆగిపోయాడు. ఫోను డ్రైవరు చేతికి వెళ్లింది. “జూబ్లీహిల్స్‌ల ఇల్లు చూసి వస్తుంటిమి మేడం. అమ్మ పండుకున్నదనుకున్న. ఇంటి ముందట ఆపి పిలిస్తే లేవలె” అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఆ గోడ వంక చూస్తూ నిలబడిపోయాను. ఈ పగులు చూసి ఉంటే అత్తమ్మ ఏం వంక పెట్టేదో అనిపించింది. ఇలాంటప్పుడు ఇదేం ఆలోచన అని వెంటనే నా మీద నాకే విసుగొచ్చింది. ఇది జరిగి నెల దాటింది. ఆ అయోమయం ఇంకా వదల్లేదు. కాబట్టి ఈ నాలుగు మాటలూ ఒక వరసలో వస్తాయని మాట ఇవ్వలేను.

ఆమె ప్రభుత్వ భవనాల ఇంజినీరుగా పనిచేసి రిటైరైంది. ఆడమనిషి సైటు మీదికి వస్తే మేస్త్రీలు పని ఆపి చూసే రోజుల్లో కుచ్చిళ్లు దోపుకుని సెంట్రింగు చెక్కల మీద నడిచిన మనిషి. రిటైరయ్యాక కూడా ఇంటిపట్టున ఉన్నది లేదు. గోడకు చీలిక కనబడితే చాలు, జూబ్లీహిల్స్ వాళ్లు ఆమెకు కబురు చేసేవాళ్లు. ఆ గుట్టల మీద చాలా ఇళ్లు సగం బండ మీద, సగం పోసిన మట్టి మీద నిలబడి ఉంటాయట. బండ కదలదు, మట్టి దిగుతుంది, నడుమ గోడ చీలుతుంది. ఇంటివాళ్లు వాస్తు దోషమనో, దిష్టి అనో, పక్క స్థలంలో బండ పేల్చినందుకనో వాదించుకుంటూ ఉండగా ఈమె వెళ్లేది. గోటితో గీరేది, వేలి కణుపుతో కొట్టి వినేది, పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్క ఒకటి అతికించి వచ్చేసేది. గాజు విరిగితే పగులు ఇంకా నడుస్తోందని, విరగకపోతే ఆగిందని లెక్క.

“అదేంటండీ, ఏ సంగతీ చెప్పకుండా వెళ్లిపోతున్నారు?” అని వాళ్లు గాభరా పడేవాళ్లు.

“నాకు తెల్వందే ఏం చెప్పాలె? పగులు నాతోని మాట్లాడాలె గద. జర ఆగుండ్రి” అనేది.

ఆమె ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు కప్పు వైపు చూసేది. పెళ్లికి వెళ్తే వధూవరుల కంటే ముందు ఫంక్షన్ హాలు దూలాలను చూసేది. నా పెళ్లిచూపుల్లో జరిగిందీ అదే. మేం అప్పుడు కృష్ణానగర్‌లో ఒక ఇరుకు వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న సినిమా సెట్లకు రంగులు వేసేవాడు, గోదావరి జిల్లా నుంచి ఆ పని మీదే వచ్చాడు. నేను కాఫీ గ్లాసుల పళ్లెంతో వచ్చి నిలబడితే కాబోయే అత్తగారు తల పైకెత్తి నా తల మీదుగా ఎటో చూస్తోంది. అమ్మ ఉండబట్టలేక, “అమ్మాయిని చూడండి వదినగారూ” అంది.

“పిల్ల మంచిగనే ఉన్నది. గీ దూలమే మంచిగ లేదు. ఓనరుకు ఇయ్యాల్నే చెప్పుండ్రి” అందామె.

వాళ్లు వెళ్లాక మా ఇంట్లో పెద్ద చర్చ. సంబంధం కుదిరినట్టా, తప్పినట్టా? నాన్న కుదిరిందన్నాడు, అమ్మ తప్పిందంది. నేను మాత్రం ఆ దూలం కింద నుంచి మంచం జరుపుకున్నాను. పెళ్లయి అత్తవారింటికి, అంటే మధురానగర్‌కి వచ్చాక మా వైపు అలవాటు కొద్దీ “అత్తయ్యగారూ” అంటే, “గారు గీరు బంద్ చెయ్యి. అత్తమ్మ అను చాలు” అంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మా అత్తమ్మ రెండూ చేసి, రెండిట్లోనూ చీలిక ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టుకుని కూర్చుంది. మేమిద్దరం గొడవపడితే తలుపు దగ్గర నిలబడి, “ఊకె పుట్టీ పెట్టకుండ్రి. ముందు ఎందుకొచ్చిందో అడుగుండ్రి” అని వెళ్లిపోయేది. అడిగితే ఇంకా పెద్ద గొడవయ్యేది. ఆ సలహా మంచిదో కాదో ఇప్పటికీ చెప్పలేను.

నేను నాన్న పనే ఎత్తుకున్నాను. కొత్త గోడను పాతగోడలా చేయడం, ప్లైవుడ్‌ని రాయిలా చూపించడం, ఉన్నట్టుండి ఒక భవంతికి నూరేళ్ల వయసు తేవడం. ఆమె పగుళ్లు మూసేది, నేను పగుళ్లు వేసేదాన్ని. చుట్టాలకు ఇదొక పెద్ద పరాచికం.

ఒకసారి జూబ్లీహిల్స్‌లో షూటింగులకు ఇచ్చే పెద్ద ఇంట్లో మా పని. హాలును దయ్యాల కొంపలా మార్చమన్నారు. గోడంతా చీలికలు వేశాను, నాచు వేశాను, పెచ్చులు ఊడినట్టు వేశాను. నేను క్యారియర్ ఇంట్లోనే మరిచిపోయి వచ్చానని, ఆ దగ్గర్లో ఏదో ఇల్లు చూడటానికి వస్తూ అత్తమ్మ పట్టుకొచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టి గోడ చూసింది. క్యారియర్ కింద పెట్టి ఒక్క కేక వేసింది.

“అందరు బయటికి నడువుండ్రి! గా గోడ కింద ఎవ్వరు నిలబడొద్దు!”

లైట్లవాళ్లు, డాన్సర్లు, సగం మేకప్ అయిన దయ్యం, అందరూ లాన్‌లోకి పరుగెత్తారు. ప్రొడక్షన్ మేనేజరు చేతులు జోడించి, “అమ్మా, అది పెయింటండీ. మా మేడం వేసిందండీ” అన్నాడు. ఆమె నమ్మలేదు. దగ్గరికి వెళ్లి గోటితో గీరింది. గోట్లో చిక్కిన నల్లరంగును చాలాసేపు చూసుకుంది. నా వైపు తిరిగింది. నవ్వుతుందేమో అనుకున్నాను.

“మంచిగనే వేసినవ్. గానీ తప్పు వేసినవ్. గోడ నడుమలకెల్లి ఊకెనే ఎట్ల పలుగుతది? కిటికి మూలకెల్లి ఏటవాలుగ పలుగుతది” అంది.

తప్పు పగులైతే మరి ఇంతమందిని ఎందుకు పరుగెత్తించావమ్మా అని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేకపోయింది. ఆ మధ్యాహ్నమంతా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని పగుళ్లన్నీ దిద్దించింది. డైరెక్టరు వచ్చి చూసి, “ఏంటండీ ఇది? మెరుపులా భలే ఉండేది, తీసేశారేంటి? పాతదే కావాలి నాకు” అన్నాడు. మళ్లీ మొదటికొచ్చింది. అప్పట్నుంచీ నాకు రెండు రకాల పగుళ్లు వచ్చు. ఒకటి కెమెరాకు పనికొచ్చేది, రెండోది అత్తమ్మ ఒప్పుకునేది. ఏది గీయాలో తేల్చుకోలేక బ్రష్షు పట్టుకుని తెల్లమొహం వేసిన రోజులు చాలా ఉన్నాయి.

గోడకు నీళ్లంత దుష్మన్ లేదని ఆమె జీవితమంతా చెప్పింది. నీళ్లు దిగితే రాడ్లు తుప్పు పడతాయి, తుప్పు ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది. అలాంటి మనిషి చివరి రోజుల్లో రోజూ పొద్దున్నే చెంబుతో మేడ మీదికి నీళ్లు మోసుకెళ్లి ఒక పగులుకు తాగించింది. ఇది నాకు మొదట అస్సలు మింగుడు పడలేదు.

సంగతి ఏమిటంటే, మా ఇంటి వెనక ఒక గది ఉంది. నా రంగులు, బ్రష్షులు, బొమ్మలు అన్నీ అందులోనే. దాని స్లాబులో రాడ్లు తుప్పు పట్టి పెచ్చులు రాలుతుంటే, దాన్ని పలగ్గొట్టించి మళ్లీ పోయించింది. ఆమె కింద పనిచేసిన ఒకాయన ఇప్పుడు ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఆయన ప్రయోగాల కోసం చేసే పొడి కొంత అడిగి తెచ్చుకుని ఆ కాంక్రీటులో కలిపించింది. ఆ రోజుల్లో నేను ఔట్‌డోర్ షూటింగుకు వెళ్లి ఊళ్లో లేను. వచ్చేసరికి స్లాబు మీదా కిందా అంతా ఒకే తీరుగా ప్లాస్టరింగు అయిపోయింది. దానికి నేనే రంగు వేశాను. ఎక్కడా గీత కూడా కనబడకుండా వేశాను. నా వృత్తే అది.

ఏమిటా పొడి అని అడిగితే వంటింట్లో చపాతీలు ఒత్తుతూ చెప్పింది. “కంటికి కనబడని జీవాలే అవి. కాంక్రీట్‌ల నిద్రపోతయ్. ఏండ్లకేండ్లు నిద్రపోతయ్. పగులు వచ్చి, నీళ్లు తగిలినయనుకో, లేస్తయ్. పక్కన వాటి కోసమని కలిపిన తిండి తిని సున్నపురాయి తయారు చేస్తయ్. గా సున్నంతోనే పగులు మూసుకుంటది.”

“తర్వాత?”

“మల్ల పండుకుంటయ్.”

“అన్ని పగుళ్లూ మూసుకుపోతాయా అత్తమ్మా?”

“ఏడికెల్లి మూస్తయ్? వెంట్రుకంత సన్నగుంటేనే. వేలు దూరే పగులుకు ఏ జీవం ఏం చేస్తది? గానికి మనమే చెయ్యాలె.”

కాంక్రీటు తనంతట తాను మానుతుందన్న మాట నాకు సగం శాస్త్రంలా, సగం మా సినిమా కథలా వినిపించింది. ఈ ఎండాకాలం మొదట్లో ఆ స్లాబులో నిజంగానే సన్నటి పగులు వచ్చింది. ఎవరైనా నెత్తి కొట్టుకుంటారు. ఈమె మెట్ల మీంచే “వచ్చింది! వచ్చింది!” అని అరిచింది. చుట్టాలెవరో వచ్చారనుకుని నేను టీ పెట్టాను. ఆ రోజు నుంచీ పగులు మీద గోనెపట్టా పరిచి, దాన్ని తడిపి రావడం ఆమె వ్రతమైంది. నన్ను రానిచ్చేది కాదు. “నువ్వు వస్తే దానికి కూడ రంగేస్తవ్” అనేది. నాకేమో ఆ వేళకి ఫిలింనగర్‌లో ఉండాలి. కాబట్టి ఆమె పైన ఏం చేసేదో, ఎక్కడిదాకా తడిపేదో నేను సరిగ్గా చూసింది లేదు.

పోవడానికి కొన్నాళ్ల ముందు వంటింట్లో చెంబు నింపుకుంటూ నాతో అంది. “వెనక గది పగులును ఎవ్వర్ని ముట్టనియ్యకు. మందు గిందు ఏం పొయ్యనియ్యకు. వానలు దాటనియ్యి, మంచిగైతది.”

సరే అత్తమ్మా అన్నాను. అంతే.

దినాలు అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఆ హడావిడిలో ఎవరో మేడంతా కడిగి, గోనెపట్టా తీసి అవతల పారేశారు. ఇల్లు కాస్త నెమ్మదించిన మర్నాడు మా ఆయన కాఫీ తాగుతూ, “వెనక గది స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ వాళ్లను పిలిచాను. ఆదివారం దాటగానే వస్తారు” అన్నాడు.

నేను గ్లాసు కింద పెట్టేశాను. “అత్తమ్మ ముట్టొద్దని చెప్పింది కదండీ?”

“చేయించమని నాతో అమ్మే చెప్పింది. వానలకు ముందే సీల్ చేయించు, లేకుంటే రాడ్లు పోతయని. కార్లో కూర్చుని చెప్పింది.”

“నాతో వంటింట్లో చెప్పింది. మందు పోయనివ్వద్దని.”

“నువ్వు సరిగ్గా విని ఉండవు.”

“మీరే ఫోను చూసుకుంటూ విని ఉంటారు.”

అలా మొదలైంది. ఆమె ఇద్దరికీ రెండు మాటలు చెప్పిందా? చివరి రోజుల్లో మతి తప్పిందా? ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. అదే అనుమానం నాకూ ఉండబట్టే అంతగా మండిందేమో. తల్లి పోయిన మనిషి ఏడవకుండా స్లాబు గురించి పోట్లాడతాడేమిటని ఆయన మీద కోపం. నేను మాత్రం చేస్తున్నదేమిటి? ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునే ఏకైక సంగతి ఆ పగులే అయింది. అది కూడా లేకపోతే అసలు మాటలే ఉండేవి కావు. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ లెక్కన నేనిప్పుడు ఉత్తమురాలిని. ఏం చేసుకోను ఆ ఉత్తమత్వాన్ని? తప్పో ఒప్పో తేల్చి చెప్పే మనిషి లేదు.

శనివారం మేస్త్రి వచ్చాడు. ఊరెళ్లి ఉండి కబురు ఆలస్యంగా తెలిసిందట. ఆ స్లాబు పోసింది ఆయనే. ఫొటో ముందు కాసేపు కూర్చుని, లేవబోతుంటే మా ఆయన అడిగాడు. “అన్నా, వెనక గది స్లాబుకు పెచ్చులు ఊడినచోటే మెత్తారా, మొత్తం కొత్తది పోశారా?”

“మొత్తం ఏడిది సార్? సగమే పలగ్గొట్టినం. మంచిగున్న కాడ ఆపమన్నది అమ్మ. కొత్తదాంట్ల పొడి కలిపిచ్చింది.”

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను మొత్తం కొత్తదనుకున్నాను. ఆయన పెచ్చులు ఊడినచోట ఏదో మెత్తి సరిచేశారనుకున్నాడు. పగులు మాత్రం పాతదాన్నీ కొత్తదాన్నీ కలుపుకుని ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచింది. పాత స్లాబులో పగులు దానంతటది మానదు, వానలకు ముందే మూయాలి. కొత్తదాంట్లో మూస్తే నీళ్లు అందక ఆ జీవాలు లేవవు, దాన్ని వదిలేయాలి. ఆమె చెప్పిన రెండు మాటలూ నిజమే కావచ్చు.

“ఎక్కడ ఆపారు?” అని ఇద్దరం ఒకేసారి అడిగాం.

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. “సగమో, జర తక్కువనో. యాదికి లేదమ్మా. మీద అంత ఒక్క తీరుగ రుద్దినం గద. ఇగ కింద నువ్వు రంగేసినవ్.”

అదీ వరస. పాతకూ కొత్తకూ నడుమ గీతను నా చేత్తో నేనే కనబడకుండా చేశాను. అదే గదిలో వెల్లకిలా పడుకుని కప్పంతా కళ్లతో వెతికాను. పాతకూ కొత్తకూ అతుకు ఎక్కడా కనబడలేదు. మా ఆయన కర్రతో కొట్టి చూశాడు. అంతా ఒకే చప్పుడు. చివరికి ఆయనే అన్నాడు, నీళ్లు నిలబెడదామని. స్లాబు కారుతుందో లేదో చూడటానికి మేస్త్రీలు చేసే పనే అది. ఎక్కడ కారితే అక్కడిదాకా పాతది.

ఆదివారం పొద్దున్నే పగులు పొడవునా రెండు వైపులా బంకమట్టితో కట్ట వేశాం. ఆయన కింద గదిలో స్టూలెక్కి, టార్చి పట్టుకుని నిలబడ్డాడు. నేను మేడ మీద పైపుతో నీళ్లు వదిలాను. నీళ్లు నిలిచాయి, కాస్త తగ్గాయి, మళ్లీ పోశాను. మధ్యమధ్యలో వంగి కిటికీ వైపు కేకేస్తున్నాను.

“దిగుతోందా?”

“ఇంకా లేదు.”

ఎండెక్కింది. నాకు భయం పట్టుకుంది. మొత్తం కారితే ఆమె చేసిందంతా వట్టిదని తేలిపోతుంది. రోజూ చెంబు మోసిన ఆ మోకాళ్లు గుర్తొచ్చాయి. అసలు కారకపోతే మళ్లీ మొదటికే వస్తాం. ఏది కోరుకోవాలో తెలియక దేనికీ దండం పెట్టుకోలేకపోయాను.

“తడి వస్తోంది! గోడ దగ్గర” అని అరిచాడు. నీళ్లు పోస్తూనే ఉన్నాను. “ఇంకొంచెం ఇటొచ్చింది. చుక్క పడుతోంది. ఇంకా ఇటొస్తోంది.” ఆ తర్వాత మాట లేదు. పిలిచాను. పలకలేదు. పైపు పక్కన పడేసి మెట్లు దిగి పరుగెత్తాను.

గది మధ్యలో స్టూలు మీద నిలబడి ఉన్నాడు. గోడ దగ్గర నుంచి గది సగం కంటే కాస్త ఎక్కువ దూరం పగులు వెంట నల్లగా తడి గీత, దాని పొడవునా చుక్కలు. ఆయన తల దగ్గరికి వచ్చేసరికి ఆ తడి ఆగిపోయింది. అవతల గోడ దాకా నా తెల్లరంగు తెల్లగానే ఉంది. అక్కడ పగులు సన్నగా ఉండబట్టి కారలేదో, ఆమె జీవాలు లేచి పని చేసి మళ్లీ పడుకున్నాయో నాకు తెలియదు. రెండూ కింద నుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయేమో. అడుగుదామంటే ఆమె లేదు.

మా ఆయన అరచేయి పైకెత్తి, తడి ఆగినచోట కప్పుకు ఆనించి ఉంచాడు. ఆఫీసు మాటలు, నాతో మాట్లాడే మాటలు అన్నీ పక్కకుపోయి, చిన్నప్పుడు తల్లితో మాట్లాడిన భాష నోట్లోంచి వచ్చింది.

“ఈడికెల్లి అమ్మది” అన్నాడు.

నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే, రేపు పనివాళ్లు వస్తే ఎక్కడ ఆపాలో తెలియాలి కదా, పెన్సిలు తెస్తాను, గీత గీసుకుందాం అన్నాను. పెన్సిలు తెచ్చాను కూడా. స్టూలు పక్కన పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెయ్యి తీస్తే కదా గీత గీసేది.